రిలే తెరుచుకుంది, కరెంటు ఆగలేదు

నేను స్వయంగా కట్టుకున్న యాంప్లిఫయర్ ఒకటి మా ఇంట్లో నాలుగేళ్ళ పాటు ఏ ఇబ్బందీ పెట్టకుండా పాడి, ఒక రాత్రి ఉన్నట్టుండి ఎడమ వైపు స్పీకర్‌ను కాల్చివేసింది. ఆ యాంప్లిఫయర్‌లో స్పీకర్ రక్షణ సర్క్యూట్ ఉంది. ఆ రాత్రి అది పనిచేసింది కూడా. అందులోని రిలే, అంటే కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్, టిక్కుమని తెరుచుకున్న చప్పుడు నేను చెవులారా విన్నాను. అయినా ఆ చప్పుడు తరువాత యాంప్లిఫయర్ పెట్టెలో నుంచి సన్నని బుస, స్పీకర్‌లో నుంచి కాలిన వార్నిష్ వాసన వచ్చాయి. వూఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకర్) కోన్ ముందుకు ఉబికి అక్కడే నిలిచిపోయింది. నేను లేచి వెళ్ళి గోడ దగ్గర ప్లగ్గు పీకేలోగా కోన్ మధ్యనున్న మూత చుట్టూ పొగ కమ్ముకుంది.

తరువాతి ఆదివారం ఆ బోర్డును, మా ఊళ్ళో పాత రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసే పెద్దాయన దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయన మీటరు పెట్టి చూసి, ప్లస్ సప్లై వైపున్న అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్, కరెంటు పారే దాని రెండు కాళ్ళు కలెక్టర్‌కూ ఎమిటర్‌కూ మధ్య పూర్తిగా షార్ట్ అయిందని చూపించారు. అంతవరకు నేను ఊహించినదే. ఆ తరువాత ఆయన రిలే మీది ప్లాస్టిక్ మూతను బ్లేడుతో కోసి తీశారు. లోపల కాంటాక్టులు బొగ్గులా నల్లబడి, ఒక అంచున కరిగి బొట్టు కట్టి ఉన్నాయి.

"బాబూ, దీని మీద రాసింది ఎప్పుడైనా చదివావా?" అని అడిగారు.

"పది ఆంపియర్లని రాసి ఉంది కదండీ" అన్నాను.

"దాని కింది వరస కూడా చదువు."

కింది వరస చదివాను. ఆ 10 ఆంపియర్లు 250 వోల్టుల ఏసీకి, అంటే దిశ మారుతూ ఉండే కరెంటుకు వర్తిస్తాయి. ఎప్పుడూ ఒకే దిశలో పారే డీసీ అయితే 30 వోల్టుల వరకే. నా యాంప్లిఫయర్ సప్లై ప్లస్ 56, మైనస్ 56 వోల్టులు. నాలుగేళ్ళు నా కళ్ళ ముందే ఉన్న ఆ చిన్న అక్షరాలు నేను ఒక్కసారి కూడా చదవలేదు. యాంప్లిఫయర్లు తమను తాము, తమకు తగిలించిన స్పీకర్లను ఎలా కాపాడుకుంటాయో, ఎక్కడ కాపాడుకోలేకపోతాయో నేను శ్రద్ధగా నేర్చుకోవడం ఆ రోజు మొదలయింది. నాలాగే సొంతంగా యాంప్లిఫయర్లు కట్టుకునేవారికి, పాతవాటిని కొనుక్కుని వాడుకునేవారికి పనికివస్తుందని ఇదంతా రాస్తున్నాను.

మొదట అసలు ప్రమాదం ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. పాత ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లు చాలావరకు ఒకే సప్లైతో నడిచేవి. వాటి అవుట్‌పుట్ దగ్గర సప్లైలో సగం వోల్టేజి ఎప్పుడూ నిలిచి ఉండేది కాబట్టి, స్పీకర్‌కు ముందు 2,200 మైక్రోఫారడ్లదో అంతకన్నా పెద్దదో ఒక కెపాసిటర్ తప్పనిసరిగా ఉండేది. ఆ కెపాసిటర్ పాటను పంపి డీసీని ఆపేది. ట్రాన్సిస్టర్ షార్ట్ అయినా స్పీకర్ ఒక్కసారి 'ధబ్' మని ఊరుకునేదే తప్ప కాలిపోయేది కాదు. రక్షణ కోసమని ఎవరూ ప్రత్యేకంగా పెట్టకపోయినా ఆ కెపాసిటర్ గొప్ప రక్షణగా నిలిచింది. ప్లస్, మైనస్ రెండు సప్లైల పద్ధతి వచ్చాక అవుట్‌పుట్ సున్నా వోల్టుల దగ్గర నిలబడింది, కెపాసిటర్ అవసరం తీరిపోయింది, బేస్ మరింత గట్టిగా వినిపించింది. అయితే అప్పటి నుంచి సప్లైకీ, స్పీకర్ కోన్‌ను కదిలించే తీగచుట్ట అయిన వాయిస్ కాయిల్‌కూ మధ్య అడ్డుగా నిలిచింది ఆ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లే. పవర్ ట్రాన్సిస్టర్ చనిపోయేటప్పుడు చాలాసార్లు తెగిపోదు, షార్ట్ అవుతుంది. అంటే అది పాడైన మరుక్షణం సప్లై వోల్టేజి మొత్తం స్పీకర్ మీద పడుతుంది.

ఎనిమిది ఓముల స్పీకర్ అని మనం అనేదానికి డీసీ దగ్గర సుమారు 6 ఓములే ఉంటాయి. 56 వోల్టులను 6 ఓములతో భాగిస్తే 9 ఆంపియర్లకు పైగా కరెంటు, 520 వాట్లకు పైగా వేడి. మామూలుగా ఇంట్లో పాటలు వింటున్నప్పుడు ఆ వూఫర్‌కు సగటున అందేది ఒకటి రెండు వాట్లు మాత్రమే. గట్టిగా పెట్టినా పది దాటడం అరుదు. పైగా పాట మోగుతున్నప్పుడు వాయిస్ కాయిల్ ముందుకూ వెనక్కూ ఊగుతూ, చుట్టూ ఉన్న గాలిని కదిలించి తనను తాను చల్లబరుచుకుంటుంది; అయస్కాంతపు ఇనుముకు దగ్గరగా ఉండడం వలన కొంత వేడి అందులోకీ పోతుంది. డీసీ పడినప్పుడు కాయిల్ ఒక చివరకు నెట్టబడి కదలకుండా నిలిచిపోతుంది, సగం ఇనుము మధ్య నుంచి బయటికి వచ్చేస్తుంది. గాలీ ఆడదు, వేడి పోయే దారీ ఉండదు. అయిదు వందల వాట్ల హీటరు తీగను కాగితపు గొట్టానికి చుట్టి కదలకుండా పట్టుకుంటే ఏమవుతుందో అదే అవుతుంది. కొన్ని క్షణాలు చాలు.

ఫ్యూజు ఉంది కదా అని నేను కూడా అనుకున్నాను. నా సప్లైలో రెండు వైపులా 5 ఆంపియర్ల ఫ్యూజులు ఉన్నాయి. 5 ఆంపియర్ల ఫ్యూజు 5 ఆంపియర్ల దగ్గర కరగదు. ఆ కరెంటును అది ఎంతసేపైనా మోయడానికే తయారైంది. దానికి రెట్టింపుకు కొంచెం తక్కువగా ఉన్న 9 ఆంపియర్లు వెళితే, అది కరగడానికి పట్టే సమయం వాయిస్ కాయిల్ కాలడానికి పట్టే సమయం కన్నా చాలా ఎక్కువ కావచ్చు. కరగడానికి తొందరపడే చిన్న ఫ్యూజు పెడితే అది గట్టి బేస్ దెబ్బకే పోతుంది. ఫ్యూజు ఇల్లు అంటుకోకుండా కాపాడుతుంది. ఆ పనికి దాన్ని తప్పక ఉంచాలి. స్పీకర్‌ను కాపాడమని దాన్ని అడగకూడదు.

అందుకే డీసీని కనిపెట్టి స్పీకర్‌ను విడదీసే సర్క్యూట్ పుట్టింది. దాని ముందున్న చిక్కు ఆసక్తికరమైనది. 20 హెర్ట్‌జుల బేస్ స్వరంలో అవుట్‌పుట్ 25 మిల్లీసెకన్ల పాటు ప్లస్ వైపు, మరో 25 మిల్లీసెకన్ల పాటు మైనస్ వైపు ఉంటుంది. ఆ పాతిక మిల్లీసెకన్లూ చూసేవాడికి అది డీసీలాగే కనిపిస్తుంది. తొందరపడితే పాట మధ్యలో రిలే ఊరికే తెరుచుకుంటుంది, ఆలస్యం చేస్తే స్పీకర్ కాలుతుంది. ఈ చిక్కును ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ తీర్చేస్తాయి. నా బోర్డులో అవి 22 కిలో ఓములు, 47 మైక్రోఫారడ్లు. రెండింటి గుణకారం దాదాపు ఒక సెకను. 50 వోల్టుల ఎత్తున్న 20 హెర్ట్‌జుల స్వరం ఈ జంటను దాటేసరికి 0.4 వోల్టులకు పడిపోతుంది. ఆ వోల్టేజిని చూసి రిలేను తెరిపించే కాపలా ట్రాన్సిస్టర్ మేలుకోవడానికి సుమారు ఒక వోల్టు కావాలనుకుంటే ఆ స్వరం దాన్ని నిద్రలేపలేదు. అదే 56 వోల్టుల డీసీ వచ్చి నిలిస్తే, కెపాసిటర్ మీద ఒక వోల్టు చేరడానికి పట్టేది 18 మిల్లీసెకన్లు మాత్రమే. ఒక సెకను కాలం పట్టే జంట పద్దెనిమిది మిల్లీసెకన్లలో ఎలా పలుకుతుందని నేను మొదట తికమకపడ్డాను. ఒక సెకను పట్టేది కెపాసిటర్ చాలావరకు నిండడానికి. మనకు కావలసింది దానిలో యాభయ్యారో వంతు. అంటే ప్రమాదం ఎంత పెద్దదైతే కాపలా అంత త్వరగా మేలుకుంటుంది, చిన్న డీసీకి నెమ్మదిగా పలుకుతుంది. రెండు భాగాలతో ఇంత చక్కగా కుదిరిన ఏర్పాటు నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

ఈ పని మొత్తాన్ని ఒక చిన్న ఐసీలో పెట్టినవారు ఉన్నారు. జపాన్‌కు చెందిన ఎన్ఈసీ తయారుచేసిన యూపీసీ1237 వాటిలో బాగా పేరున్నది. ఒకే వరసలో ఎనిమిది కాళ్ళుండే ఈ ఐసీ అవుట్‌పుట్‌లో డీసీని, ఓవర్‌లోడును కనిపెడుతుంది. స్విచ్ వేసిన తరువాత కొన్ని సెకన్లు ఆగి గానీ రిలేను కలపదు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఏసీ రావడం ఆగగానే, పెద్ద కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఎదురుచూడకుండా, రిలేను వదిలేస్తుంది. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో గానీ, చెన్నై రిచ్చీ స్ట్రీటులో గానీ 'స్పీకర్ ప్రొటెక్షన్ బోర్డు' అని అడిగితే దీనితోనో, ఇలాంటి దానితోనో కట్టిన బోర్డు చేతిలో పెడతారు. యాంప్లిఫయర్ వేసిన నాలుగైదు సెకన్లకు వినిపించే ఆ 'టిక్' దీనిదే. ఆ నాలుగైదు సెకన్లలో ప్లస్, మైనస్ సప్లైలు పూర్తి ఎత్తుకు చేరి అవుట్‌పుట్ సున్నా దగ్గర స్థిరపడుతుంది. ఆ వ్యవధి లేకపోతే ప్రతిసారీ స్పీకర్‌లో 'ధబ్' మనే దెబ్బ పడుతుంది. కరెంటు పోయి వెంటనే వచ్చి, మళ్ళీ పోయే మన ఊళ్ళలో, ఏసీ ఆగగానే విడదీసే ఆ ఏర్పాటు నగరవాసులు అనుకునేదానికన్నా విలువైనది.

ఇక నా స్పీకర్‌ను బలి తీసుకున్న విషయానికి వస్తాను. కాపలా మేలుకుంది, రిలే కాయిల్‌కు కరెంటు ఆపింది, కాంటాక్టులు విడిపోయాయి. కానీ విడిపోతున్న రెండు లోహపు ముక్కల మధ్య 56 వోల్టులు, 9 ఆంపియర్లు ఉన్నప్పుడు వాటి మధ్యనున్న గాలి వేడెక్కి తానే తీగలా మారిపోతుంది. వెల్డింగ్ చేసేవారు రాడ్డును తాకించి కొంచెం పైకి లేపినప్పుడు పుట్టే మంట ఇదే. ఏసీలో ఈ మంట బతకదు, ఎందుకంటే మన ఇంటి కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాను దాటుతుంది, దాటిన ప్రతిసారీ మంటకు ఊపిరి ఆగుతుంది. డీసీకి ఆ సున్నా లేదు. చిన్న రిలేలో కాంటాక్టుల మధ్య దూరం మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ సందులో మంట హాయిగా నిలబడి, స్పీకర్‌కు కరెంటును అందిస్తూనే ఉంటుంది. ఆ రాత్రి నేను విన్న బుస ఆ మంటదే. రిలే మీద డీసీ 30 వోల్టులని రాయడానికి కారణం కూడా అదే. 250 అనే పెద్ద అంకె చూసి ధైర్యపడినవారు నాతో పాటు చాలామంది ఉంటారు.

దీనికి తోడు నేను మరో తప్పు కూడా చేశాను, అదీ మంచి ఉద్దేశంతోనే. రిలే కాయిల్‌కు అడ్డంగా, కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడ్ ఒకటి పెడతాము. కాయిల్‌ను ఆపినప్పుడు పుట్టే ఎదురు వోల్టేజి, దాన్ని నడిపే ట్రాన్సిస్టర్‌ను చంపకుండా ఉండడానికి అది అవసరం. కానీ ఆ డయోడ్ కాయిల్‌లోని కరెంటును కాసేపు తిప్పుతూ ఉంచుతుంది కాబట్టి రిలే నెమ్మదిగా, సంకోచిస్తున్నట్టుగా తెరుచుకుంటుంది. కాంటాక్టులు మెల్లగా విడిపోతే మంటకు అంతకన్నా అనుకూలమైనది లేదు. డయోడ్‌కు సీరీస్‌లో 24 వోల్టుల జీనర్ (ఆ వోల్టేజి దాటితేనే ఎదురు దిశలో కరెంటును పోనిచ్చే డయోడ్) ఒకటి కలిపితే కాయిల్‌లోని శక్తి త్వరగా ఖర్చయి రిలే చురుగ్గా తెరుచుకుంటుంది. ట్రాన్సిస్టర్ ఆ వోల్టేజిని తట్టుకునేదై ఉండాలి, అంతే.

అసలు మందు మాత్రం రిలే తీగలు కలిపే పద్ధతిలోనే ఉంది. ఈ రిలేకు మూడు కాంటాక్టులు: కదిలేది ఒకటి, రిలే పనిచేసినప్పుడు దానితో కలిసేది ఒకటి, రిలే విశ్రాంతిలో ఉన్నప్పుడు కలిసి ఉండేది ఒకటి. నేను యాంప్లిఫయర్‌ను కదిలే కాంటాక్టుకు, స్పీకర్‌ను పనిచేసినప్పుడు కలిసేదానికి తగిలించి, మూడోదాన్ని ఊరికే వదిలేశాను. అలా కాకుండా స్పీకర్‌ను కదిలే కాంటాక్టుకు, యాంప్లిఫయర్‌ను పనిచేసినప్పుడు కలిసేదానికి తగిలించి, విశ్రాంతి కాంటాక్టును గ్రౌండుకు కలపాలి. అప్పుడు రిలే తెరుచుకుంటే కదిలే కాంటాక్టు వెళ్ళి గ్రౌండును తాకుతుంది, స్పీకర్ రెండు కొసలూ కలిసిపోయి దాని మీద వోల్టేజి ఉండదు. మంట నిలబడినా దాని కరెంటు స్పీకర్ గుండా కాక నేరుగా గ్రౌండుకు పోతుంది. మధ్యలో ఆరు ఓముల కాయిల్ లేదు కాబట్టి ఆ కరెంటు పదులకొద్దీ ఆంపియర్లకు పెరిగి, అంతవరకు బద్ధకించిన ఫ్యూజును తక్షణమే కరిగిస్తుంది. ఫ్యూజూ రిలే ఒకదానికొకటి సాయం చేసుకునే చోటు ఇదొక్కటే. రిలే కాంటాక్టులు పాడవుతాయి, అది నిజం. రిలేను మార్చుకోవడం ఎంత, వూఫర్‌కు మళ్ళీ కాయిల్ చుట్టించడం ఎంత!

కొందరు రిలే బదులు ట్రయాక్ అనే సెమీకండక్టర్ స్విచ్‌తో అవుట్‌పుట్‌ను గ్రౌండుకు షార్ట్ చేసే పద్ధతి వాడుతారు. అది ఫ్యూజును పేల్చి స్పీకర్‌ను కాపాడుతుంది గానీ, పొరపాటున మేలుకున్నప్పుడు మంచిగా ఉన్న అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లను కూడా బలిచేస్తుంది. నాకు అది నచ్చదు. మాస్‌ఫెట్ అనే రకం ట్రాన్సిస్టర్లు రెండింటిని సోర్సు అనే కాళ్ళ దగ్గర కలిపి, రిలే స్థానంలో స్విచ్‌లా వాడే పద్ధతి మాత్రం ఎంతో మంచిది. దానిలో విడిపోయే లోహం లేదు, మంట లేదు, తుప్పు లేదు, మైక్రోసెకన్లలో తెగుతుంది. నా తరువాతి యాంప్లిఫయర్‌లో అదే పెట్టాను.

ఇంతవరకు చెప్పినది స్పీకర్‌ను యాంప్లిఫయర్ నుంచి కాపాడడం. అసలు ఆ ట్రాన్సిస్టర్ ఎందుకు షార్ట్ అయింది? యాంప్లిఫయర్ తనను తాను కాపాడుకోవడం అనే విషయం ఇక్కడ మొదలవుతుంది. అందరికీ తెలిసిన పవర్ ట్రాన్సిస్టర్ 2ఎన్3055నే తీసుకుందాము. దాని వివరాల కాగితంలో 60 వోల్టులు, 15 ఆంపియర్లు అని ఉంటుంది. రెండింటినీ గుణిస్తే 900 వాట్లు. కానీ అదే కాగితంలో దాని తట్టుకునే శక్తి 115 వాట్లే అని ఉంటుంది. అంటే 15 ఆంపియర్లు మోయాలంటే దాని మీద ఏడున్నర వోల్టులకు మించి ఉండకూడదు. 60 వోల్టులు ఉన్నప్పుడు రెండు ఆంపియర్లు కూడా దానికి బరువే. ఆ 115 వాట్లు కూడా దాని ఒళ్ళు 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి మాట. ఆపై ప్రతి డిగ్రీకీ వాటులో మూడింట రెండు వంతుల చొప్పున తగ్గుతూ, 70 డిగ్రీల దగ్గర 85 వాట్లకు దిగుతుంది. మే నెలలో మా ఊళ్ళో గదిలోనే 40 డిగ్రీలు ఉంటాయి, ట్రాన్సిస్టర్ వేడిని లాగే లోహపు దిమ్మ, హీట్‌సింక్, 70కి చేరడం ఎంతసేపు? వోల్టేజి ఎక్కువగా ఉన్నప్పుడు ట్రాన్సిస్టర్ లోపలి కరెంటు ఒక చోట గుమిగూడి, అక్కడే కరిగించుకుపోయే మరో గుణం కూడా ఉంది. దాని వలన ఆ హద్దు ఇంకా కిందికి దిగుతుంది.

స్పీకర్ తీగలోని ఒక్క పోగు పక్క టెర్మినల్‌కు తగిలితే అవుట్‌పుట్ షార్ట్ అయి, సప్లై మొత్తం ట్రాన్సిస్టర్ మీదే పడుతుంది. అందుకని ఎమిటర్ దగ్గరుండే 0.22 ఓముల రెసిస్టర్ మీది వోల్టేజిని ఒక చిన్న ట్రాన్సిస్టర్ గమనిస్తూ, అది 0.65 వోల్టులు దాటగానే, అంటే సుమారు 3 ఆంపియర్లు దాటగానే, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్‌కు అందే సిగ్నల్‌ను పక్కకు లాగేస్తుంది. అయితే 56 వోల్టుల దాకా ఊగే యాంప్లిఫయర్ ఎనిమిది ఓముల్లోకి 7 ఆంపియర్లు ఇవ్వాలి. 3 దగ్గర ఆపితే పాటకు అడ్డం, 7 దాకా వదిలితే షార్ట్ అయినప్పుడు చావు. కనుక కరెంటును మాత్రమే కాక ట్రాన్సిస్టర్ మీది వోల్టేజిని కూడా చూసి, వోల్టేజి తక్కువగా ఉన్నప్పుడు ఎక్కువ కరెంటును, వోల్టేజి ఎక్కువగా ఉన్నప్పుడు తక్కువ కరెంటును అనుమతించే సర్క్యూట్ పెడతారు.

ఇక్కడే యాంప్లిఫయర్ క్షేమానికీ పాట నాణ్యతకూ పేచీ వస్తుంది. స్పీకర్ కేవలం రెసిస్టర్ అయితే వోల్టేజి, కరెంటు కలిసి నడుస్తాయి. నిజమైన స్పీకర్‌లో కాయిల్ ఉంది, బరువున్న కోన్ ఉంది, బేస్‌ను, పై స్వరాలను విడదీసే క్రాస్‌ఓవర్‌లో కెపాసిటర్లు ఉన్నాయి. కనుక అవుట్‌పుట్ సున్నా దగ్గర ఉండి, ట్రాన్సిస్టర్ మీద సప్లై వోల్టేజి మొత్తం ఉన్న సమయంలోనే స్పీకర్ పెద్ద కరెంటు అడగవచ్చు. కరెంటును గమనించే ఆ చిన్న ట్రాన్సిస్టర్‌కు అది షార్ట్‌లా కనిపించి, పాట మధ్యలో చెయ్యి అడ్డుపెడుతుంది. అప్పుడు గట్టి స్వరాల మీద చిటపటలు వినిపిస్తాయి. పైగా కాయిల్‌లోని కరెంటును ఉన్నట్టుండి ఆపితే అది ఎదురు వోల్టేజిని పుట్టిస్తుంది. ఆ వోల్టేజి సప్లైని దాటిపోకుండా అవుట్‌పుట్ నుంచి రెండు సప్లైలకూ చెరొక డయోడ్ పెట్టి తీరాలి. రూపాయలతో పోయే ఆ రెండు డయోడ్లు లేని బోర్డులు నేను చాలా చూశాను. ఈ పేచీకి నిజాయితీ గల పరిష్కారం ఒక్కటే: ఒక జత బదులు రెండు మూడు జతల అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పెట్టి, మామూలు పాటలో ఆ కాపలా మేలుకునే అవసరమే రాకుండా చూడడం. నేను ఖర్చు తగ్గించుకోవడానికి ఒక జతతో సరిపెట్టాను.

ఆ ఒక్క జతలోనూ షార్ట్ అయిన ట్రాన్సిస్టర్‌ను పెద్దాయన కోసి చూపించారు. పైన 2ఎస్‌సీ5200 అని ముద్ర ఉంది. లోపల సిలికాన్ ముక్క అసలు దానిలో ఉండవలసిన దానికన్నా ఎంతో చిన్నది. నకిలీ పవర్ ట్రాన్సిస్టర్లు మన బజార్లలో కొత్త కాదు. ఏ రక్షణ సర్క్యూటయినా ట్రాన్సిస్టర్ తన కాగితంలో రాసినంత బలమైనదని నమ్మి లెక్క కడుతుంది. ఆ నమ్మకమే అబద్ధమైతే లెక్క అంతా వృథా.

పవర్ ఐసీలు వాడేవారికి ఈ బాధ చాలావరకు లేదు. టీడీఏ2030 వంటి చిన్నదానిలోనే షార్ట్ రక్షణ, వేడి రక్షణ రెండూ ఉన్నాయి. ఎల్ఎమ్3886లో సిలికాన్ వేడి 165 డిగ్రీలు దాటితే ఐసీ తనంతట తాను ఆగి, సుమారు 155 డిగ్రీలకు దిగాక మళ్ళీ మొదలవుతుంది. వేడిని పక్కనున్న హీట్‌సింక్ మీద కాక సిలికాన్ మీదే కొలవగలగడం వాటికున్న పెద్ద సౌలభ్యం. విడి ట్రాన్సిస్టర్లతో కట్టినప్పుడు హీట్‌సింక్‌కు బిగించిన థర్మల్ స్విచ్ మీద ఆధారపడాలి, దానికి సంగతి కొంత ఆలస్యంగా తెలుస్తుంది. ఐసీ ఎంత మంచిదైనా లోపల షార్ట్ అయితే దానికీ డీసీ రక్షణ బయటి నుంచే కావాలని మాత్రం మరిచిపోకూడదు.

డీసీ లేకుండానే స్పీకర్లు పోయే దారి ఇంకొకటి ఉంది. వినాయక చవితి మండపాల దగ్గర, పెళ్ళి పందిళ్ళలో తరచుగా పోయేది పై స్వరాలు పలికే చిన్న స్పీకర్, ట్వీటర్. చిన్న యాంప్లిఫయర్ పెద్ద స్పీకర్‌ను ఏమీ చేయలేదని అనుకుంటారు. యాంప్లిఫయర్‌ను దాని హద్దు దాటించి వాయిస్తే అలల తలలు తెగి చదరంగా మారతాయి. 100 వాట్ల యాంప్లిఫయర్ పూర్తిగా చదరపు అలలు ఇస్తే దాదాపు 200 వాట్లు ఇస్తుంది. పైగా మామూలు పాటలో ఎత్తైన చోట్లు ఎక్కడో ఒకటి ఉండి సగటు పదో వంతు మాత్రమే ఉంటే, తలలు తెగిన పాటలో సగటే పైకి లేచి కూర్చుంటుంది. తెగిన అంచుల్లో పుట్టిన పై స్వరాలన్నీ క్రాస్‌ఓవర్ దాటి ట్వీటర్‌కే చేరతాయి. ఏ రిలే దీన్ని ఆపదు, ఎందుకంటే ఇందులో డీసీ లేదు. అవుట్‌పుట్ సప్లైని తాకబోతున్నదని గమనించి, లోపలికి వచ్చే సిగ్నల్‌నే కొంచెం తగ్గించే లిమిటర్ దీనికి సరైన విరుగుడు. కొన్ని స్పీకర్ పెట్టెల్లో ట్వీటర్‌కు సీరీస్‌లో చిన్న బల్బు ఉంటుంది; కరెంటు పెరిగితే ఫిలమెంటు వేడెక్కి, దాని నిరోధం పెరిగి, ట్వీటర్‌కు వెళ్ళేది తగ్గుతుంది. సాధారణమైనదే అయినా నిజంగా పనిచేసే ఉపాయం.

మన దగ్గర న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే తీగ) తెగిపోవడం మరో ముప్పు. అప్పుడు 230 వోల్టులు రావలసిన చోట 400 దాకా రావచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ అవతల 56 వోల్టుల సప్లై తొంభై వైపు ఎగబాకుతుంది, 63 వోల్టుల కెపాసిటర్లు పగులుతాయి. యాంప్లిఫయర్ లోపలి రక్షణ ఏదీ దీనికి చాలదు. వోల్టేజి హద్దు దాటితే విడదీసే పరికరం గోడ దగ్గరే ఉండాలి. పండుగ రోజుల్లో తాత్కాలికంగా లాగిన లైన్ల మీద పరికరాలు నడిపేవారు దీన్ని ఖర్చు అనుకోకూడదు.

డీ క్లాసు యాంప్లిఫయర్లు (అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లను స్విచ్‌ల్లా అతి వేగంగా కలిపి విడదీస్తూ నడిచేవి) వాడేవారికి ఒక్క మాట. వాటిలో, కారు యాంప్లిఫయర్లలో చాలావాటికి స్పీకర్ రెండు తీగల్లో ఏదీ గ్రౌండు కాదు, రెండూ అవుట్‌పుట్లే. పాత అలవాటు కొద్దీ నల్ల తీగను ఛాసిస్‌కు, అంటే లోహపు పెట్టెకు తాకిస్తే అది నేరుగా షార్ట్. నేను పైన చెప్పిన విశ్రాంతి కాంటాక్టు పద్ధతిని కూడా వాటికి ఉన్నదున్నట్టుగా వాడకూడదు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించే అలవాటు ఒకటి ఉంది. యాంప్లిఫయర్ వేస్తే రిలే 'టిక్' మనడం లేదని బాగుచేయడానికి ఇస్తే, కొన్ని చోట్ల రిలే కాంటాక్టులను తీగతో కలిపేసి 'డైరెక్ట్ చేశాము' అని ఇచ్చేస్తారు. రిలే కలవడం లేదంటే చాలాసార్లు అది తన పని తాను చేస్తున్నదని అర్థం. అవుట్‌పుట్‌లో డీసీ ఉందేమో మీటరు పెట్టి ముందు చూడాలి. పాటలు మెల్లగా పెట్టినప్పుడు ఒక వైపు తెగి తెగి రావడం మాత్రం కాంటాక్టులు నల్లబడ్డాయనడానికి గుర్తు. అప్పుడు గరుకు కాగితంతో రుద్దితే పైనున్న వెండి పూత పోతుంది. రిలేను మార్చడమే మేలు.

పెద్దాయన చెప్పిన పద్ధతి ప్రకారం తీగలు మార్చాక, మరో స్పీకర్‌ను పణంగా పెట్టి పరీక్షించే ధైర్యం నాకు లేకపోయింది. 24 వోల్టుల లారీ హెడ్‌లైట్ బల్బులు రెండు తెచ్చి, ఒక్కొక్కదానిలో రెండు ఫిలమెంట్లూ వెలిగేలా సీరీస్‌లో కలిపాము. వెలుగుతున్నప్పుడు వాటి నిరోధం రమారమి ఎనిమిది ఓములు. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లను, వాటిని నడిపే ట్రాన్సిస్టర్లను తీసేసి, ప్లస్ సప్లై నుంచి అవుట్‌పుట్‌కు ఒక గట్టి స్విచ్ పెట్టాము. ముందు పాత పద్ధతిలోనే, మూత తీసిన కొత్త రిలేతో చూశాము. స్విచ్ వేయగానే రిలే తెరుచుకుంది. కాంటాక్టుల మధ్య ఊదారంగు మంట నిలబడింది. బల్బులు వెలుగుతూనే ఉన్నాయి. పెద్దాయన సప్లై ఆపేసి, "చూశావా, తెరుచుకోవడం వేరు, ఆగడం వేరు" అన్నారు. రెండోసారి రిలే మార్చి, కొత్త పద్ధతిలో కలిపాము. ఈసారి బల్బులు ఒక్క మెరుపు మెరిసి ఆరిపోయాయి, ఫ్యూజు గాజు నల్లబడింది, దానితో పాటు గ్రౌండుకు వెళ్ళే సన్నని బోర్డు గీత కూడా ఒక చోట లేచిపోయింది. ఆ గీత స్థానంలో సప్లై కెపాసిటర్ల మధ్య బిందువు దాకా నేరుగా లావుపాటి తీగను టంకం పెట్టి, కొత్త ఫ్యూజు, కొత్త రిలే వేసి మూడోసారి చూశాము. ఫ్యూజు ఒక్కటే పోయింది.

ఆ వారం వూఫర్‌కు కొత్త వాయిస్ కాయిల్ వేయించి తెచ్చాను.